నదీముఖంలో ఒండ్రు, అట్టడుగు అకశేరుకాలు

నదీముఖాల అడుగున బతికే అకశేరుకాల, అంటే వెన్నెముక లేని పురుగులు, గుల్లలు, పీతల వంటి జీవుల సముదాయాలను ఒండ్రు ఎలా తీర్చిదిద్దుతుందన్నది నేటి విషయం. ఇందులో రేణువుల పరిమాణం, లవణీయత, ప్రాణవాయువు, సేంద్రియ పదార్థం అనే నాలుగు అంశాలున్నాయి. మొదటిది చివరి రెండింటికీ ఆధారం కనుక దానికి పెద్దపీట వేయడం న్యాయం.

1922లో వెంట్‌వర్త్ స్థిరపరచిన కొలమానం ప్రకారం 2 మిల్లీమీటర్ల నుంచి 63 మైక్రోమీటర్ల వరకు ఉన్న రేణువు ఇసుక, అక్కడినుంచి సుమారు 4 మైక్రోమీటర్ల వరకు సిల్టు అనే మెత్తని ఒండ్రు, అంతకన్న సన్ననిది బంకమన్ను. మిల్లీమీటరులో ఐదోవంతు ఉన్న ఇసుక రేణువు నిలకడ నీటిలో మీటరు లోతుకు నిమిషంలోపే దిగుతుండగా, 2 మైక్రోమీటర్ల బంకరేణువుకు అంత దూరం దిగడానికి సుమారు మూడు రోజులు పడుతుంది. అయితే మంచినీరు ఉప్పునీటితో కలిసేచోట బంకరేణువులు ఒకదానినొకటి అంటుకొని ముద్దకట్టి త్వరగా అడుగుకు చేరతాయి. అందువల్లనే అలల తాకిడి ఉన్నచోట ఇసుక నిలిచి, నీరు నెమ్మదించినచోట బురద పేరుకుంటుంది; గౌతమీ గోదావరి ముఖానికి ఉత్తరాన హోప్ ఐలాండ్ ఇసుక మేటగా సాగడం, దాని చాటున కాకినాడ అఖాతంలోను, కోరింగ మడ అడవుల్లోను మెత్తని బురద పరచుకోవడం ఇందుకు నిదర్శనం.

ఈ తేడాను అనుసరించే జీవులూ స్థిరపడతాయి. అమెరికాలోని బజర్డ్స్ అఖాతంలో హోవర్డ్ శాండర్స్ 1958లో ప్రకటించిన పరిశోధన, నీటిలో తేలే ఆహారాన్ని వడకట్టుకునే జీవులు ఇసుకలోను, అడుగు మట్టిని మింగి అందులోని పోషకాలను గ్రహించే జీవులు బురదలోను ఎక్కువగా ఉంటాయని నిరూపించింది. అదే అఖాతాన్ని పరిశీలించిన రోడ్స్, యంగ్ అనే శాస్త్రజ్ఞులు 1970లో మరొక మెట్టు పైకి వెళ్లి, మట్టి మింగే జీవులు నిరంతరం బురదను తిరగదోడి, విసర్జకాలతో వదులు చేయడం వల్ల అది చిన్న కదలికకే లేచి, వడకట్టుకునే జీవుల మొప్పలను పూడ్చివేస్తుందని వివరించారు. అంటే నేల జీవిని ఎంచుకోవడమే కాదు, జీవి కూడా నేలను మారుస్తుంది.

కాకినాడ అఖాతపు బుడితగుల్ల ఈ సూత్రానికి చెప్పుకోదగ్గ మినహాయింపు. నీటిని వడకట్టుకొని బతికేదే అయినా అది మెత్తని బురదలోనే కాపురముంటుంది; చాలా గుల్లలకు లేని హీమోగ్లోబిన్ దాని రక్తంలో ఉండటం వల్ల విప్పితే లోపల ఎర్రగా కనిపిస్తుంది, ప్రాణవాయువు కొరతకు తట్టుకొంటుంది. వేదికపై పెద్దల కోసం ఉంచిన తాంబూలాల పళ్లెం చూసినప్పుడు గుల్లసున్నం గుర్తుకు రాక తప్పదు. ఒకనాడు కోస్తా ఊళ్లలో గుల్లలను బట్టీలో కాల్చి తీసిన ఆ సున్నమే ఆకుకూ, ఇంటి గోడకూ పనికివచ్చేది. అందువల్ల ఏ రేవులో ఏ గుల్ల దొరుకుతుందో, ఎక్కడ అడుగు మెత్తనో, ఎక్కడ గరుకో ఆ పని చేసేవారికి తెలిసి ఉండేది. నేటి పరిశోధక విద్యార్థికి గుల్ల పట్టికలోని శాస్త్రీయ నామంగానే తెలియడం విచారకరం.

వాల్తేరులో ఆచార్య పి. ఎన్. గణపతి, ఆయన శిష్యుడు జి. చంద్రశేఖరరావు ఇసుక రేణువుల నడుమ సందుల్లో బతికే అతిచిన్న జంతువులను అధ్యయనం చేశారు. ఆ సంప్రదాయంలో చేతికి మట్టి అంటడం చదువులో భాగం. తడిమట్టిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపితే ఇసుక గరగరలాడుతుంది, సిల్టు పిండిలా జారుతుంది, బంకమన్ను వేలిని వదలదు. ఈనాడు మట్టిని అర మిల్లీమీటరు జల్లెడలో కడిగి, పైన మిగిలిన పురుగులను లెక్కించి, కింద కారిపోయిన మట్టిని పారబోసి, రేణువుల విశ్లేషణను ఎవరో చేస్తారులే అని వదిలేసే అలవాటు ప్రబలింది. జీవిని దాచుకొని దాని ఇంటిని పారవేయడం శాస్త్రానికి తగదు.

మిగిలిన అంశాలు సంగ్రహంగా: పోటుపాటులతో మారే లవణీయత ఏ జాతి ఎంత లోపలికి రాగలదో నిర్ణయిస్తుంది; సన్నని బురదలో నీరు సులువుగా చొరబడదు కనుక ప్రాణవాయువు పైపొర దాటదు, ఆ కింద హైడ్రోజన్ సల్ఫైడు వాసనతో నల్లని పొర ఉంటుంది; సన్నని రేణువుల వెంటే చేరే సేంద్రియ పదార్థం మితంగా ఉంటే ఆహారం, మితిమీరితే కాపిటెల్లా వంటి కొద్దిపాటి పురుగులకే ఆ చోటు పరిమితమవుతుంది. వీటిలో చివరి రెండింటి పట్టూ రేణువు ద్వారానే బిగుస్తుంది.

గోదావరిపై ఎగువన కట్టిన జలాశయాల్లో ఒండ్రు ఆగిపోతోంది, రేవుల్లో పూడిక తవ్వకాలు అడుగును తలకిందులు చేస్తున్నాయి. ఈ మార్పులకు జీవులు ఎలా స్పందిస్తున్నాయో తెలియాలంటే జీవులను లెక్కించిన ప్రతిచోటా, అదే రోజున, అదే నమూనాలోని రేణువులనూ కొలవాలి. విశ్వవిద్యాలయాలు ఈ నియమాన్ని పరిశోధన అనుమతికే షరతుగా పెడితే, రాబోయే తరానికి నదీముఖం గురించి నమ్మదగిన లెక్క దక్కుతుంది.