మడమశూల



ఉదయమున మంచము దిగి తొలి అడుగు మోపగనే మడమలో ముల్లు గ్రుచ్చుకొన్నట్లుండి, నాలుగడుగులు నడచిన పిమ్మట తగ్గు బాధను మనలో పలువు రెరుగుదురు. దీనికి సమీపమైన వ్యాధిని సుశ్రుతుడు వాతకంటకమనినాడు. కంటకమనగా ముల్లే గదా!

మడమయెముక నుండి వ్రేళ్ల మొదళ్ల దాక అరికాలిలో నొక దళసరి పట్టీ కలదు. చిరకాలము నిలుచుట, దేహభారము, గట్టినేలపై వట్టికాళ్ల నడక దానిని నలియజేయును. ఎక్సురేలో ఎముకకొన కనబడెనని బెదరవలదు. నొప్పిలేనివారికిని అది యుండవచ్చును.

మంచము దిగకమునుపే కాలిపై కాలు వేసికొని, వ్రేళ్లను చేతితో ముంగాలివైపు లాగి, పది లెక్కించునంతసేపు నిలుపుడు, ఇట్లు పదిమారులు. ఇంటిలోను మెత్తని చెప్పులు తొడుగుడు. పెక్కుమందికి సంవత్సరములోపల నయమగును, ఓర్పు వలయును. మడమకు వాతలు పెట్టించుట మాత్రము కూడదు. మధుమేహము గలవారికి ఆ పుండు కాలికే ముప్పు. వాపు, జ్వరము, తిమ్మిరి యున్నచో జాగు సేయక వైద్యునికి చూపుడు.