తూప్రాన్ తాలూక్‌దారు
(సంగారెడ్డిలో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులారా, పటాన్‌చెరు నుంచి షిఫ్టు దిగి నేరుగా ఇక్కడికి వచ్చిన కార్మిక సోదరులారా,

ఉద్యమకాలంలో ఇదే సంగారెడ్డిలో మమ్మల్ని వ్యాన్ ఎక్కించిన హెడ్ కానిస్టేబులు మన జిల్లా మనిషే. మెడ మీద చెయ్యి వేసి తోస్తూనే, గొంతు తగ్గించి "నేనేం జేయాలె తమ్మీ, డ్యూటీ" అన్నాడు. ఆ మాట మా చెవుల్లో ఇంకా ఉంది. ఇవాళ మనం మాట్లాడుకోవలసింది ఆ డ్యూటీ గురించే.

1857 అనగానే మీరట్, ఢిల్లీ, ఝాన్సీ అని మనకు పాఠం చెప్పారు. హైదరాబాద్ గురించి చెప్పలేదు. ఆ ఏడు జూన్‌లో ఔరంగాబాద్‌లోని హైదరాబాద్ కంటింజెంట్ అశ్వదళంలో అలజడి పుట్టింది. తోటి హిందుస్తానీల మీదికి కత్తి ఎత్తబోమని సిపాయిలు ఎదురు తిరిగారు. వాళ్లలో జమాదారు చీదా ఖాన్ కొందరిని వెంటబెట్టుకొని, నిజాం ఆదుకుంటాడన్న ఆశతో హైదరాబాద్ వచ్చాడు. దివాన్ సాలార్‌జంగ్ అతడిని పట్టించి రెసిడెంట్ డేవిడ్‌సన్‌కు అప్పగించాడు.

నగరం మండింది. జులై 17, శుక్రవారం. మక్కా మసీదు నుంచి జనం కదిలారు. తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ ముందు నడువగా రోహిల్లాలు కోఠీలోని రెసిడెన్సీ మీదికి పోయారు. పక్కనున్న సాహుకార్ల ఇండ్లలో మాటువేసి రాత్రంతా పోరాడారు. దాడి సంగతి సాలార్‌జంగ్ ముందే రెసిడెంటుకు చేరవేశాడు. ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. తెల్లారేసరికి తిరుగుబాటు చెదిరిపోయింది.

తుర్రెబాజ్ ఖాన్ దొరికాడు. మౌల్వీ ఎక్కడున్నాడో చెప్పమంటే నోరు విప్పలేదు. అండమాన్‌లో యావజ్జీవ ప్రవాస శిక్ష వేశారు. 1859 జనవరి 18న జైలు నుంచి తప్పించుకున్నాడు. తల మీద ఐదు వేల రూపాయల ఇనాం పడింది. ఆరు రోజులకే, జనవరి 24న, తూప్రాన్ అడవిలో దొరికిపోయాడు. పట్టుకొని చంపించింది తెల్లదొర కాదు. తూప్రాన్ తాలూక్‌దారు మీర్జా ఖుర్బాన్ అలీ బేగ్. నిజాం సర్కారు కొలువులో ఉన్న స్థానిక అధికారి.

తూప్రాన్ మనకు దూరం కాదు. ఇక్కడినుంచి నర్సాపూర్ మీదుగా పోయే తొవ్వే. 2016లో జిల్లాలు విడిపోయేదాకా ఈ సంగారెడ్డే దానికి జిల్లా కేంద్రం.

ఒక్క సంగతి గమనించండి. కోర్టు వేసింది ప్రవాస శిక్ష, మరణశిక్ష కాదు. కోర్టు రాయని తీర్పు అడవిలో అమలయింది. అంతటితో ఆగలేదు. శవాన్ని నగరానికి తెచ్చి రెసిడెన్సీ దగ్గర జనం చూసేట్టు వేలాడదీశారు. చచ్చినవాడికి శిక్ష ఏముంటుంది? అది బతికున్నవాళ్లకు చేసిన హెచ్చరిక. మౌల్వీని కూడా ఆ ఏడే అండమాన్ పంపారు. ఆయన అక్కడే కన్నుమూశాడు.

దీనికి దక్కిన ప్రతిఫలం ఏమిటి? 1860 ఒప్పందంలో ఇంగ్లీషోళ్లు రాయచూర్, ధారాశివ్ జిల్లాలు తిరిగిచ్చారు. యాభై లక్షల అప్పు మాఫీ చేశారు. సారవంతమైన బేరార్‌ను మాత్రం వదల్లేదు. విశ్వాసానికి కూలి దొరికింది గానీ పోయిన సొమ్ము మొత్తం రాలేదు.

సాలార్‌జంగ్ పాలనను చక్కదిద్దాడనీ, 1865లో జిల్లాబందీ తెచ్చాడనీ అంటారు. నిజమే, కాదనం. ఆ మంచి ఈ చెడును చెరిపేయదు. ఆ ఇంటిపేరు మీద మ్యూజియం ఉంది, దేశమంతా వచ్చి చూస్తుంది. తుర్రెబాజ్ పేరుకు కోఠీలో ఒక రోడ్డు దక్కింది. అక్కడ బస్సు కోసం నిలబడేవాళ్లలో ఎందరికి ఆయన కథ తెలుసు?

హుకుం వచ్చింది, తాలూక్‌దారు ఏం చేస్తాడని కొందరు అడుగుతారు. మా జవాబు చీదా ఖాన్. అతడూ నౌకరీ చేసేవాడే. నెల జీతం తీసుకున్నవాడే. అతడికీ హుకుం వచ్చింది. ఒక కొలువుదారు కాదన్నాడు, ఇంకో కొలువుదారు సరేనన్నాడు. ఇద్దరి మధ్య తేడా జీతంలో లేదు.

ఈ మాట ఉద్యోగ మిత్రులకు కొత్త కాదు. 2011 సెప్టెంబర్ 13న మొదలైన సకల జనుల సమ్మెలో 42 రోజులు జీతం వదులుకొని ఆఫీసులకు తాళం వేసింది మీరే. మీరు ఆనాడు చీదా ఖాన్ పక్కన నిలబడ్డారు. 2014లో రాష్ట్రం వచ్చింది. పరీక్ష మాత్రం అయిపోలేదు. నక్కవాగు నీళ్లు రంగు మారినప్పుడు అంతా సవ్యమేనని రాసే కలం, కాంట్రాక్టు కార్మికుడి చెయ్యి తెగితే అతడి తప్పేనని రాసే కలం ఎవరిది? లండన్ నుంచి ఎవరూ రారు. ఆ కలం మన చేతుల్లోనే ఉంటుంది.

విద్యార్థి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! రేపు మీలో చాలామంది కొలువుల్లో చేరుతారు. చేరాలె కూడా. ఏదో ఒకనాడు మీ బల్ల మీదికి కూడా ఒక హుకుం వస్తుంది. ఆనాడు తూప్రాన్ అడవిని ఒక్కసారి యాది చేసుకోండి. డ్యూటీ అన్న మాట వెనుక దాక్కున్నవాడిని చరిత్ర వెతికి పట్టుకుంటుంది. నూట అరవై ఏండ్లు దాటినా ఆ తాలూక్‌దారు పేరు మనం ఇవాళ పలకవలసి వచ్చింది.