యూనివర్సిటీకి, అమీర్‌పేటకు నడుమ

(సంఘములోని ఉపాధ్యాయుల, విద్యార్థుల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



మాకు ఇచ్చిన అంశము "మారుచున్న కాలమునకు విశ్వవిద్యాలయములను, వాటిలోని మనుషులను సిద్ధపరచుట". అంశము పెద్దది. యూనివర్సిటీ పాలన మా వృత్తి కాదు. అయితే మా సంఘస్థులలో అనేకులు అమీర్‌పేట, పంజాగుట్ట, బల్కంపేట, ఎస్.ఆర్. నగర్ ప్రాంతాలలో కాపురముంటున్నవారు. ఇళ్లు దర్శించుటకు వెళ్లినప్పుడెల్ల ఈ అంశమే ఏదో ఒక రూపములో మా ఎదుట వచ్చి కూర్చుంటున్నది. "అయ్యగారూ, పిల్లకు పట్టా వచ్చింది. ఇప్పుడు ఏ కోర్సులో చేర్పించమంటారు?" అని తల్లులు అడుగుచున్నారు. ఈ ప్రశ్నను కొంచెము నిదానించి వినవలెను. నాలుగేండ్ల చదువు ముగిసినా చదువు ముగియలేదని ఆ తల్లికి తెలుసు. పట్టా ఇచ్చిన యూనివర్సిటీకి కూడా ఆ సంగతి తెలుసునా, తెలిస్తే ఏమి చేయుచున్నది అన్నదే ఈ పూట మా మాట.

అమీర్‌పేట సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. మైత్రీవనం దగ్గర బస్సు దిగి ఆదిత్య ఎన్‌క్లేవ్ వైపు నాలుగడుగులు వేస్తే గోడలు కనబడవు, బోర్డులే కనబడును. తెల్లవారి ఒక బ్యాచి, పగలొక బ్యాచి, ఆఫీసులు విడిచిన తరువాత మరియొక బ్యాచి. మొదటి రెండు రోజులు డెమో క్లాసు ఉచితము. జిరాక్సు షాపులో నోట్సు, పక్క సందులో హాస్టలు, మూలమీద టిఫిను బండి. 1990లలో మెయిన్‌ఫ్రేము, కోబాల్ నేర్పినది ఈ వీధులలోనే. పాత ప్రోగ్రాములలో సంవత్సరమును రెండంకెలతోనే వ్రాసినందువలన 2000 రాగానే కంప్యూటర్లు తప్పు లెక్క వేయునని లోకమంతా భయపడిన రోజులవి. ఆ ప్రోగ్రాములను సరిదిద్దువారు కావలసివచ్చినారు. అమెరికా ప్రభుత్వము హెచ్-1బి వీసాల పరిమితిని ఏడాదికి 65,000 నుండి 1,15,000కు పెంచినది. 2001 నుండి 2003 వరకు 1,95,000 చేసినది. అలా వెళ్లినవారిలో ఎందరో ఈ వీధిలోని మెట్లు ఎక్కి దిగినవారే. చైనాకు చెందిన సమాజ పరిశోధకుడు షియాంగ్ బియావో, సాఫ్ట్‌వేరు పనివారిని దేశదేశాలకు కూలికి పంపు పద్ధతిపై 2007లో వెలువరించిన గ్రంథములో మన తెలుగు యువకుల కథే ప్రధానముగా ఉన్నది. 2004లో ఆ పరిమితి మరల 65,000కు దిగినది. వీధి మాత్రము ఆగలేదు. జావా పోయి శాప్, ఆ పిమ్మట టెస్టింగు, హడూప్, క్లౌడు, ఇప్పుడు కృత్రిమ మేధ. బోర్డు మారును, మెట్లు అవే.

యూనివర్సిటీలో ఇట్లు జరుగదు. పాఠ్యాంశము మార్చవలెనంటే బోర్డ్ ఆఫ్ స్టడీస్ కూర్చోవలెను, అకడమిక్ కౌన్సిల్ ఆమోదించవలెను, ఆ పిమ్మట అనుబంధ కళాశాలలకు ఉత్తరువు వెళ్లవలెను. ఈ నిదానమును మేము వట్టి తప్పుగా ఎంచము. గిరాకీ తగ్గిన కోర్సును అమీర్‌పేట మరుసటి నెలలో మూసివేయును. యూనివర్సిటీ గణితమును అట్లు మూయకూడదు గదా. పైగా యూనివర్సిటీలు మారుటలేదన్న మాట కూడ నిజము కాదు. 1972 అక్టోబరు 2న ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమునే చూడండి. 2008లో అది నాలుగు యూనివర్సిటీలుగా విడిపోయినది. హైదరాబాదు విభాగములోని పిల్లలను ఏ చదువని అడిగితే బ్రాంచి పేరుతో పాటు "మేము ఆర్16", "మేము ఆర్18", "మేము ఆర్22" అని చెప్పుదురు. అవి ఆయా సంవత్సరాలలో వచ్చిన కొత్త నిబంధనలు, కొత్త పాఠ్యప్రణాళిక. రెండేండ్లకో నాలుగేండ్లకో ఒకసారి మారుచునే ఉన్నవి.

చిక్కు ఎక్కడ వచ్చుచున్నదో చెప్పెదము. హాజరు చాలక లేదా క్రెడిట్లు చాలక ఒక కుర్రవాడు డిటెయిన్ అయినాడు అనుకొనుడి. ఇంట్లో తండ్రికి జబ్బు చేసియుండవచ్చును, ఫీజు అందక ఒక సెమిస్టరు పోయియుండవచ్చును. మరల చేరుసరికి అతని నిబంధనలు పోయి కొత్తవి వచ్చినవి. తాను చదివిన సబ్జెక్టు ఇప్పుడు లేదు. తాను చదువని సబ్జెక్టు చిన్న తరగతివారు చదివేసినారు. దానికి బదులు ఇది, దీనికి బదులు అది అని ఒక పట్టిక చేతికిత్తురు. ఆ పట్టికను విప్పి చెప్పు మనిషి ఉన్న కళాశాలలో వాడు గట్టెక్కును. అట్టి మనిషి లేనిచోట తిరిగి తిరిగి మానివేయును. మార్పు చేసినవారు చెడ్డవారు కారు, కొత్త పాఠము పాతదానికంటె మంచిదే. కాని మార్పు నడిచిపోవు దారిలో అందరికంటె వెనుక ఉన్నవాడు ఏమైనాడో చూచుటకు ఒకరిని నియమించలేదు.

అధ్యాపకుల గతియు ఇంతే. మా సంఘములో ఒక సహోదరి ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలో పాఠము చెప్పుచున్నారు. కొత్త ప్రణాళిక వచ్చిన ఏడు, తరగతులు మొదలగుటకు కొద్ది దినముల ముందు పిలిచి, "అమ్మా, ఈ సెమిస్టరు ఈ సబ్జెక్టు మీరే తీసుకోవాలి" అన్నారట. ఆమె తాను చదువుకొన్న రోజులలో ఆ సబ్జెక్టు పేరే లేదు. సాయంకాలము అమీర్‌పేటలో బ్యాచిలో చేరినారు, సొంత డబ్బు కట్టి. ఆ గదిలో వెనుక బెంచీమీద ఆమె విద్యార్థులు ఇద్దరు కూర్చుండియున్నారు. ఈ సంగతి ఆమె మాతో నవ్వుచునే చెప్పినారు. మాకు నవ్వు రాలేదు.

వంద సంవత్సరముల మాట తలంచుకొను సంచిక గనుక కొంచెము వెనుకకు పోదము. 1917లో నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఉర్దూ మాధ్యమములో ఒక యూనివర్సిటీ పెట్టుటకు ఫర్మానా ఇచ్చినారు. ఉస్మానియా 1918లో ఏర్పడినది. తరగతులు తెరువకముందే అనువాద శాఖ నొకదానిని, దారుల్ తర్జుమా అను పేరుతో నెలకొల్పినారు. చరిత్ర, రసాయన శాస్త్రము, న్యాయము మొదలైన వాటికి మాటలు కూర్చుట, పుస్తకములు తర్జుమా చేయుట దాని పని. ముందు మాటలు, పుస్తకములు, వాటిని వ్రాయు మనుషులు. ఆ పిమ్మట తరగతి గది. ఆ క్రమము గమనించదగినది. 1948లో హైదరాబాదు భారతదేశములో కలిసిన తరువాత అదే యూనివర్సిటీలో బోధన ఇంగ్లీషుకు మారినది. ముప్పై ఏండ్లుగా కూర్చిన ఆ మాటలు, ఆ పుస్తకములు అలమారలకు ఎక్కినవి. రాజకీయ కారణములు మనకు తెలిసినవే, వాటి జోలికి పోము. తెలుగు ఇంటి బిడ్డకు మాత్రము మొదటిదియు పరాయి భాషే, రెండవదియు పరాయి భాషే.

ఆ బిడ్డను తలంచి చేసిన మార్పు ఒకటి ఉన్నది. దానిపై కొంచెము ఎక్కువసేపు మాట్లాడనిండు. 1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడినది. దేశములోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ. అంతకుముందు ఉస్మానియాకు ఉపాధ్యక్షులుగా ఉన్న ఆచార్య జి. రాంరెడ్డిగారు దీనికి మొదటి ఉపాధ్యక్షులు. 1985లో ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము పెట్టినప్పుడు ఢిల్లీవారు ఆయననే పిలిపించుకొన్నారు. మన యూనివర్సిటీకి 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టినారు. పంజాగుట్టకు దాపున, జూబిలీ హిల్స్‌లోనే ఉన్నది గనుక మీలో చాలమంది ఆ గేటు ముందునుండి పోయియుందురు.

ఆలోచించుడి, అది ఎంత తలక్రిందుల మార్పో. తరగతి గది లేదు. ఇంటర్మీడియెట్ ప్యాసు కానివాడు కూడ అప్పట్లో అర్హత పరీక్ష వ్రాసి డిగ్రీలో చేరగలిగెడివాడు. పాఠము పోస్టులో వచ్చును, రేడియోలో వినబడును. సెలవు దినములలో వేరే కళాశాల భవనమే అధ్యయన కేంద్రమగును. ఇంత మార్పు ఎట్లు నిలిచినది? యంత్రము వలన కాదు. రేడియో అప్పటికే పాతది, అచ్చు ఇంకను పాతది. నిలిచినది మనుషులను ముందుగా తయారు చేసికొన్నందువలన అని మా తలంపు. తరగతిలో చెప్పు అధ్యాపకుడు పిల్లవాని ముఖము చూచి మరల చెప్పును. అచ్చులో ఆ సౌకర్యము లేదు. పగలంతా పనిచేసి వచ్చి, రాత్రి పిల్లలు పడుకొన్న తరువాత ఒంటరిగా పుస్తకము విప్పు గృహిణికి అర్థమగునట్లు వ్రాయుట వేరే విద్య. పెద్ద పెద్ద ఆచార్యులు ఆ విద్యను మరల నేర్చుకొనవలసివచ్చినది. ఒకరు వ్రాసినదానిని మరియొకరు దిద్దవలెను, భాష చూచువారు చూడవలెను. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి అప్పటికే తెలుగులో ఉన్నత విద్యకు పుస్తకములు, పరిభాష తయారుచేయుచుండెను గనుక మాటలకు వెదుకులాట కొంత తగ్గినది. ఆ పాఠ్యగ్రంథములకై గ్రూప్ పరీక్షలకు చదువు పిల్లలు నేటికిని పాత పుస్తకాల దుకాణాలలో వెదకుచున్నారు. ఆ యూనివర్సిటీలో లోపములు లేవని అనము. పుస్తకము ఆలస్యముగా అందినదని, ఫలితములు ఆలస్యమైనవని విన్నాము. కాని విద్యార్థి ఎవరో ముందుగా తలపోసి, తరువాత ఏర్పాటు కట్టినారు.

దీనితో ఇప్పటి పద్ధతిని పోల్చి చూతము. 2016 నుండి తెలంగాణలో డిగ్రీ ప్రవేశములు దోస్త్ అను ఆన్‌లైన్ విధానములో జరుగుచున్నవి. మంచిదే, కళాశాల కళాశాలకు తిరిగి దరఖాస్తు కొనే బాధ తప్పినది. అయితే సాధారణముగా ఆధార్‌కు కలిపిన ఫోను నంబరు అక్కరపడును. ఆ నంబరు ఎన్నడో పోయిన సిమ్ముదైతే ముందు ఆ పని చూచుకొని రావలెను. సహాయ కేంద్రములు పెట్టినారు, ఓపికగా చెప్పువారును ఉన్నారు. అక్కడ కూర్చున్న గుమాస్తాకు ఆ పని నేర్పినవారెవరు, ఎన్ని దినములు నేర్పినారు అని మేము అడుగుచున్నాము. 2020 మార్చి నెలాఖరున అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్, పంజాగుట్ట హాస్టళ్లనుండి ఒక్క పూటలో వేలమంది బయటపడి, ఊరికి పోవుటకు పాసుల కొరకు పోలీసు స్టేషన్ల ఎదుట నిలువబడినారు. మీకు జ్ఞాపకమే. పాసులు పట్టుకొని పోయినవారిని ఆంధ్ర సరిహద్దులో ఆపినారు. ఆ పిమ్మట పాఠములన్నియు ఫోనులోనికి వెళ్లినవి. ఇంటికొక్క ఫోను ఉన్న ఇండ్లలో అన్న పాఠము విన్న గంట చెల్లెలు వినలేదు.

ఇక కృత్రిమ మేధ. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినది మొదలు, అడిగినదానికి వ్యాసము వ్రాసిపెట్టు యంత్రము ప్రతి పిల్లవాని జేబులో ఉన్నది. కొందరు అధ్యాపకులు దీనిని దొంగతనమనుచున్నారు. వారితో ఒక మాట. చివరి సంవత్సరపు ప్రాజెక్టులు రొక్కమిచ్చి కొనుక్కొను కేంద్రములు అమీర్‌పేటలో ఈ యంత్రమునకు ఎన్నో ఏండ్ల ముందే ఉన్నవి. ఆ సంగతి కళాశాలలకు తెలియనిది కాదు. పిల్లవాడు తాను చేయనిదానికి మార్కులు పొందుట అప్పుడే అలవాటైనది. ఇప్పుడు ఖర్చు తగ్గినది, అంతే. ప్రాజెక్టు పుస్తకపు అట్ట కాక, పిల్లవానిని ఎదుట కూర్చుండబెట్టి పావుగంట ప్రశ్నించు గురువు ఉన్నచోట ఏ యంత్రమును మోసము చేయలేదు. అరవైమందిని పావుగంట చొప్పున ప్రశ్నించుటకు పదిహేను గంటలు కావలెను. ఏండ్ల తరబడి కాంట్రాక్టు జీతముమీద, రెండు కళాశాలల నడుమ పరుగెత్తు అధ్యాపకునికి ఆ పదిహేను గంటలు ఎవరిచ్చెదరు? కొత్త కంప్యూటరు ల్యాబుకు రిబ్బను కత్తిరించుట సులభము. ఈ పదిహేను గంటలకు రిబ్బను లేదు.

మీలో యూనివర్సిటీ ఉద్యోగులున్నారు. పరీక్షల విభాగములో కాగితపు రిజిస్టరు పోయి కంప్యూటరు వచ్చిన దినములను చూచినవారున్నారు. మిమ్మును వేడుకొనునది ఇది: తరువాతి మార్పు మీ బల్లమీదికి వచ్చినప్పుడు, మాకు ఎన్ని దినములు నేర్పెదరు, పాతదానిలో చిక్కుకొన్న పిల్లలను ఎవరు చూచెదరు అను రెండు ప్రశ్నలు సభలో లేచి అడుగుడి. అడిగినవానికి మంచి పేరు రాదు, ఆ సంగతి మాకు తెలుసు. తలిదండ్రులారా, కోర్సులో చేర్పించుటకు బంగారము కుదువబెట్టకముందు డెమో క్లాసుకు పిల్లతో పాటు మీరును వెళ్లి కూర్చుండుడి. అర్థము కాకపోయినను, చెప్పువాడు ప్రశ్నకు జవాబిచ్చుచున్నాడా లేదా అన్నది ఎవరికైనను తెలియును. అనుభవ పత్రము తయారుచేసి ఇత్తుమని చెప్పువాని దగ్గరనుండి లేచి రండు.

మన గుడి వెనుక హాలు ఆదివారము తప్ప తక్కిన సాయంకాలములు తాళము వేసియే ఉంటున్నది. రాబోవు కమిటీలో మేము ఒక మాట పెట్టనున్నాము. వారములో రెండు సాయంకాలములు దానిని తెరువవలెను. పైన చెప్పిన సహోదరి, పరీక్షల విభాగములో పదవీ విరమణ చేసిన ఇద్దరు పెద్దలు వచ్చి కూర్చుండుటకు ఒప్పుకొన్నారు. దోస్త్ దరఖాస్తు నింపలేనివారు, డిటెయిన్ అయి పట్టిక పట్టుకొని తిరుగుచున్నవారు, ఏ సంఘస్థులైనను, ఏ మతస్థులైనను రావచ్చును. రెండు కంప్యూటర్లు కావలెను. ఒకటి ఇప్పటికే దొరికినది.