ఎర్ర చిగురంతా తెగులు కాదు

(గులాబీ రైతుల సమావేశంలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి చుట్టుపక్కల గులాబీ వేసిన రైతులతో ఎప్పుడు కూర్చున్నా మాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే. "కత్తిరింపులు చేసిన తర్వాత చిగురంతా ఎర్రగా వస్తున్నది. ఇది తెగులా? ఏం మందు కొట్టాలి?"

ఈ ప్రశ్న చిన్నదిగా కనబడుతుంది. కానీ దీని వెనక వేల రూపాయల పెట్టుబడి ఉంది. మాకు తెలిసిన ఒక కౌలు రైతు ఎకరం తోటలో ఎర్ర చిగురు చూసి కంగారుపడ్డాడు. రెండు రెమ్మలు తుంచుకుని మందుల దుకాణానికి పోయాడు. అక్కడ మూడు రకాల మందులు చేతిలో పెట్టారు. అప్పు మీద తెచ్చి మూడుసార్లు కొట్టాడు. చిగురు పచ్చబడింది. మందు పనిచేసిందనుకున్నాడు. నిజానికి ఏ మందూ కొట్టకపోయినా ఆ చిగురు పచ్చబడేదే. ఎండలు ముదిరాక అదే తోటను ఎర్రనల్లి పట్టింది. నల్లిని తినే మిత్రపురుగులు అంతకుముందు కొట్టిన మందులకు చచ్చిపోయాయి. లేని రోగానికి వైద్యం చేసి, ఉన్న రక్షణ పోగొట్టుకున్నాడు.

ఇంకో రైతు దీనికి పూర్తిగా ఎదురు. "చిగురన్నాక ఎర్రగానే ఉంటుంది" అని పట్టించుకోలేదు. అది బూడిద తెగులు. మొగ్గలు విచ్చుకోక, పూలకు మంచి ధర పలికే రోజుల్లో గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పంపడానికి అతని దగ్గర పూలే లేవు. కాబట్టి తేడా తెలుసుకోవడం మన చేతుల్లో ఉండాలి.

ఆరోగ్యమైన చిగురు ఎట్లా ఉంటుంది?

మామిడి చిగురు ఎర్రగా వస్తుంది. రావి చిగురు రాగి రంగులో మెరుస్తుంది. వాటిని చూసి తెగులు అని మనం అనం. గులాబీ కూడా అంతే. లేత ఆకులో ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం ఉంటుంది. ఆకు ఇంకా గట్టిపడని రోజుల్లో ఎండ దెబ్బ నుంచి అది కాపాడుతుంది. ఆకు ముదిరేకొద్దీ ఎరుపు తగ్గి, రెండు మూడు వారాల్లో పచ్చబడుతుంది. కొన్ని రకాల్లో ఎరుపు ఎక్కువ, కొన్నింటిలో తక్కువ.

మంచి చిగురుకు నాలుగు గుర్తులు చెప్తాం. ఒకటి, ఒకే రకం మొక్కలన్నిటిలో ఎరుపు ఒకే తీరుగా ఉంటుంది. రెండు, రెమ్మ నిటారుగా, ఆకు సాఫీగా, మెరుస్తూ ఉంటుంది. మూడు, ముళ్లు మెత్తగా ఉన్నా మామూలు సంఖ్యలోనే ఉంటాయి. నాలుగు, కింది ఆకులు పచ్చబడుతూ, ఎరుపు పైకి జరుగుతుంది. ఈ నాలుగూ ఉంటే జేబులో చెయ్యి పెట్టకండి.

ఇంకో మాట. మొక్క మొదట్లో అంటు కట్టిన చోటుకు పైనుంచి బొటనవేలంత లావు ఎర్ర రెమ్మ ఒక్కసారిగా లేస్తుంది. దాన్ని చూసి భయపడి కోసేసేవాళ్లున్నారు. కోయకండి. వచ్చే ఏళ్లలో పూలిచ్చే కొమ్మ అదే. అంటుకు కింది నుంచి, వేరు మూలం నుంచి వచ్చే పిలక మాత్రం వేరు. ఆకూ ముల్లూ పై మొక్కకు పోలిక లేకుండా ఉంటాయి. మట్టి తీసి, అది పుట్టిన చోటే పీకేయాలి. వదిలేస్తే పై మొక్క బలమంతా అది లాగేస్తుంది.

తెగులు ఎట్లా కనబడుతుంది?

బూడిద తెగులు: పగలు వెచ్చగా, రాత్రి చల్లగా ఉండే చలికాలంలో వస్తుంది. లేత ఆకు ముడుచుకుంటుంది, ఊదా రంగు తిరుగుతుంది. అందుకే ఎర్ర చిగురని పొరబడతాం. వేలితో రుద్దండి. తెల్లటి పొడి అంటితే అది తెగులే. నీటిలో కరిగే గంధకం లీటరు నీటికి 3 గ్రాములు కలిపి చల్లపూట కొట్టండి. మండే ఎండలో గంధకం కొడితే ఆకు మాడుతుంది.

బూజు తెగులు: చల్లదనం, తేమ ఎక్కువైనప్పుడు, ముఖ్యంగా గాలి ఆడని పాలీహౌస్‌లలో వస్తుంది. ఆకంతా ఎర్రబడదు. ఈనెల మధ్య ఊదా ఎరుపు మచ్చలు పడి ఆకులు రాలిపోతాయి. మందు కన్నా ముందు గాలి ఆడేట్టు చూడాలి.

నల్లమచ్చ తెగులు: ఇది చిగురు కన్నా కింది ఆకుల్లో ముందు కనబడుతుంది. అంచులు చిట్లినట్టుండే నల్లటి గుండ్రని మచ్చలు పడి, చుట్టూ ఆకు పసుపు తిరిగి రాలుతుంది. రాలిన ఆకులను ఏరి తోట బయటకు తీయండి.

తామర పురుగులు, ఎర్రనల్లి: చిగురు కింద తెల్ల కాగితం పట్టి రెమ్మను తట్టండి. సన్నగా, పొడుగ్గా కదిలేవి తామర పురుగులు. చుక్కల్లా పాకేవి నల్లి. తామర పురుగులున్న చోట ఆకు అంచులు మాడి, మొగ్గ రేకులు గోధుమ రంగు తిరుగుతాయి. నల్లి ఉంటే ఆకు మీద పసుపు చుక్కలు, అడుగున సన్నని గూళ్లు కనబడతాయి.

కొమ్మ ఎండు తెగులు: కత్తిరించిన చోట నుంచి కొమ్మ నల్లబడుతూ కిందికి దిగుతుంది. నల్లబడిన చోటుకు రెండంగుళాల కింద, పచ్చి భాగంలో కోసి, బోర్డో పేస్టు పూయండి. ఒక్కో మొక్కకూ కత్తెర తుడుచుకోండి.

తెగులు కాని కష్టాలూ ఉన్నాయి. కొత్త ఆకు పసుపు తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. సున్నం ఎక్కువున్న నేలల్లో ఇది మామూలే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేయాలి. చిగురు దారాల్లా సన్నబడి, గుత్తులుగా, మెలికలు తిరిగి వస్తే ముందు గడ్డిమందును అనుమానించండి. గట్టు పక్క వరుసల్లోనే ఉందా? పక్క చేనులో ఎవరైనా కొట్టారా? గడ్డిమందు కొట్టిన పంపుతోనే పూలకూ కొట్టామా? గడ్డిమందుకు వేరే పంపు పెట్టుకోవడమే దీనికి మందు.

ఈ మధ్య సెల్‌ఫోన్లలో రోజ్ రోజెట్ అనే వైరస్ తెగులు బొమ్మలు తిరుగుతున్నాయి. ఉత్తర అమెరికాలో గులాబీలను బాగా దెబ్బతీసిన తెగులు అది. గాలికి కొట్టుకుపోయే అతి సన్నని నల్లి దాన్ని మోస్తుంది. దానికి మందు లేదు, మొక్కను పీకేయడమే. అందులో ఎరుపు వారాలు గడిచినా తగ్గదు. రెమ్మ నిండా లెక్కలేనన్ని ముళ్లు వస్తాయి. చిగుళ్లు చీపురుకట్టలా గుంపుగా లేస్తాయి. ఒక్క ఎరుపును చూసి ఆ పేరు పెట్టకండి. ఈ మూడూ కలిసి కనబడితే మాత్రం ఆలస్యం చేయకుండా కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలకు చూపించండి.

దారం కట్టండి

ఖర్చులేని పరీక్ష ఒకటుంది. తోటలో నాలుగు మూలలా, మధ్యలో ఒక చోట, ఐదు చిగుళ్లకు రంగు దారం కట్టండి. తేదీ రాసుకోండి. వారానికోసారి అవే చిగుళ్లను చూడండి. పచ్చబడుతూ సాగుతుంటే ఆరోగ్యమే. ముడత, పొడి, మచ్చ కనబడితే ఆ రోజే కదలండి. పొడీ పురుగూ లేని ఎర్ర చిగురుకు వారం ఆగితే నష్టం లేదు. ఆగకుండా కొట్టిన మందు డబ్బు మాత్రం తిరిగి రాదు.

మిత్రులారా, తప్పంతా రైతుది కాదు. సలహా చెప్పాల్సిన అధికారి తోటకు రాకపోతే, మందు అమ్ముకునేవాడే వైద్యుడవుతాడు. ఎంత అమ్మితే అంత లాభం ఉన్నవాడు "మందు అవసరం లేదు" అని ఎందుకు చెప్తాడు? అందుకే చిగురు వేసే రోజుల్లో ఉద్యాన అధికారులు తోటల్లోకి రావాలని, కౌలు రైతు తోటనూ చూడాలని, రోగం నిర్ధారించే ఏర్పాటు మండలంలోనే ఉండాలని మన సంఘం అడుగుతున్నది. 1968 పురుగుమందుల చట్టం కింది నిబంధనల ప్రకారం అమ్మిన ప్రతి మందుకూ బిల్లు ఇవ్వాలి. బిల్లు లేకుండా డబ్బా తీసుకోకండి. పంట దెబ్బతిన్న రోజున మన చేతిలో ఉండే సాక్ష్యం అదొక్కటే.

రేపు పొద్దున తోటకు పోయేటప్పుడు పంపు ఇంట్లో పెట్టి, ఒక తెల్ల కాగితం, ఐదు దారపు ముక్కలు తీసుకుపోండి. వచ్చే నెల సమావేశానికి మీ దారం కట్టిన చిగుళ్ల సంగతి తీసుకురండి. అందరం కలిసి చూద్దాం.