సాఫ్ట్‌వేర్‌కు వెల అడగడం తప్పా?

ఈ ప్రశ్నపై అమెరికాలో 1976లోనే వాదం రేగింది. ఆల్టెయిర్ అనే చిన్న కంప్యూటరుకు బిల్ గేట్స్ బృందం రాసిన బేసిక్‌ను చాలామంది కొనకుండా నకళ్లు తీసి వాడుకున్నారు. తమ శ్రమకు గంటకు 2 డాలర్లు కూడా గిట్టలేదనీ, జీతం లేకుండా ఇంత పని ఎవరు చేస్తారనీ గేట్స్ బహిరంగ లేఖలో నిలదీశారు.

1983లో గ్నూ పథకాన్ని ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్ ఆక్షేపణ ధరపై కాదు, సోర్స్ కోడ్‌ను దాచడంపై. అమ్ముకోవచ్చు గానీ, కొన్నవారికి దాన్ని మార్చుకునే, పంచుకునే స్వేచ్ఛ ఉండాలంటారాయన. వినడానికి బాగానే ఉంది. మొదట కొన్నవాడే అందరికీ పంచిపెడితే రెండో ప్రతిని ఎవరు కొంటారు? రెడ్ హ్యాట్ వంటి సంస్థ సేవలకు రుసుము తీసుకుని నిలదొక్కుకుంది, నిజమే. ఒంటరిగా కూర్చుని కంప్యూటర్ గేమ్ తయారుచేసిన కుర్రవాడు ఏ సేవను అమ్ముకోవాలి?