ఫోటో దిద్దడం మనమూ నేర్చుకుందాం



నేను ఉర్దూ మీడియం బడి పంతులును. ఒక ఏడు మా బడి పిల్ల స్కాలర్‌షిప్ దరఖాస్తు నేనే కంప్యూటర్లో నింపాను. ఫోటో అడిగిన కొలతకు రాలేదని పక్కకు లాగాను. ముఖం వెడల్పై గుర్తు పట్టరాకుండా పోయింది. దరఖాస్తు తిరిగి వచ్చేసరికి గడువు దాటింది. ఆ పిల్ల ఏమీ అనలేదు. తప్పు మాత్రం నాదే. ఆ సిగ్గుతోనే నలభై దాటాక ఈ పని నేర్చుకున్నాను.

పని పెద్దదేమీ కాదండీ. ముందు అసలు ఫోటోకు నకలు తీసుకొని, నకలునే దిద్దాలి. జేపెగ్ ఫోటోను దిద్ది సేవ్ చేసినప్పుడల్లా కొంత నాణ్యత పోతుంది. తర్వాత క్రాప్‌తో అక్కరలేని అంచులు కోయాలి. పాస్‌పోర్టు సైజంటే వెడల్పు 35, ఎత్తు 45 మిల్లీమీటర్లు. అంగుళానికి 300 చుక్కల లెక్కన 413, 531 పిక్సెళ్లు. సైజు మార్చేటప్పుడు వెడల్పు, ఎత్తు ఒకే పాళ్లలో మారేలా ఉంచే తాళం గుర్తును విప్పరాదు. నేను చేసిన పొరపాటు అదే. 50 కేబీ లోపు అడిగితే, సేవ్ చేసేటప్పుడు నాణ్యత కొంచెం తగ్గించాలి. ఇందుకు 1996లో వెలువడిన గింప్ ప్రోగ్రాం చాలు, అది ఉచితం.

ఈ మాత్రం వస్తే ఆఫీసు ఉద్యోగంలోనూ అక్కరకొస్తుంది. సంఘం వారు ఒక కంప్యూటర్ ఇప్పిస్తే ఆదివారాలు నేను వచ్చి నేర్పుతాను. అమ్మాయిలను కూడా తప్పక పంపండి. ఫోటో తప్పుతో మన పిల్లల దరఖాస్తు ఇంకొకటి తిరిగి రాకూడదు.

ఖుదా హాఫిజ్.