సీజన్ వాళ్ళది, ఖర్చు మనది

(సంక్రాంతి సెలవుల తర్వాత అరకులోయలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ధరల గురించి మాట్లాడమన్నారు. నేను అర్థశాస్త్రం చదువుకున్నదాన్ని కాదు. 11 ఏళ్ళుగా ఇక్కడ అద్దె గదిలో ఉంటూ చుట్టుపక్కల ఊళ్ళ సంఘాలతో పనిచేస్తున్నాను. అంచేత నా వంటింటి నుంచే మొదలుపెడతాను.

డిసెంబరులో ఒక ఆదివారం సాయంత్రం కొట్టుకి వెళ్ళాను. గుడ్లు అయిపోయాయి. పాల ప్యాకెట్ మీద 4 రూపాయలు ఎక్కువ అడిగాడు. ముందు వారం కిలో 30 ఉన్న టమాటా ఆ రోజు 60. ఇదేంటి బాబూ అంటే, "సీజన్ కదమ్మా" అని నవ్వాడు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. వానాకాలం, చలికాలం లాగా అది కూడా ఆకాశం నుంచి దిగివచ్చినట్టు చెబుతారు. సీజన్ మనుషులు చేసిందే కదా. అద్దాల పెట్టె రైలుకి తగిలించింది 2017లో. రిసార్టులు కట్టింది మనుషులు. ఒలిసె పూలు పూసిన దగ్గర్నుంచి సంక్రాంతి దాటేదాకా ఘాట్ రోడ్డు మీద కార్ల వరుస చూస్తూనే ఉన్నాం.

వచ్చేవాళ్ళు రాకూడదని నేననడం లేదు. వాళ్ళు రాబట్టి మన ఆడవాళ్ళు పసుపు, అల్లం, రాజ్మా, కొండ చీపుర్లు నాలుగు రూపాయలకు అమ్ముకుంటున్నారు. ఒలిసె చేలో ఫోటోకి ఇంత అని తీసుకుంటున్న అక్కలూ ఉన్నారు. బాగానే ఉంది, చేను తొక్కినందుకు ఆ మాత్రం ఇవ్వాలి. కానీ ఆ డబ్బు వచ్చే ఇల్లెన్ని, ఖర్చు పెరిగిన ఇల్లెన్ని? ఖర్చు అందరికీ పెరిగింది.

ఆ ఖర్చు కూడా రూపాయల్లో లెక్కేస్తే సగమే కనిపిస్తుంది. ఉదాహరణకి ఆటో. మామూలు రోజుల్లో సంతకి షేర్ ఆటోలో వస్తాం. సీజన్లో ఆటో అతనికి బొర్రా గుహలకో చాపరాయికో పూర్తి బేరం దొరుకుతుంది. అతన్ని తప్పు పట్టలేం, అతనికీ పిల్లలున్నారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకి టికెట్ లేదు. మంచిదే. అయితే ఘాట్ మీద కార్లు ఇరుక్కుంటే ఆ బస్సు కదలదు. అప్పుడేం చేస్తాం? నడుస్తాం. నెత్తిన బుట్ట, చంకన బిడ్డ. ఆ నడక ఏ ధరల పట్టికలోనూ ఎక్కదు.

కోడి సంగతీ అంతే. బొంగులో చికెన్‌కి నాటు కోడి కావాలి, మంచి రేటు పలుకుతుంది. పెంచిన అక్క కోడిని అమ్మేస్తుంది. కోడి పోయాక గుడ్డెక్కడిది? ఒక ఊళ్ళో బాలింతను చూడ్డానికి వెళ్ళి, ఏం తింటున్నావమ్మా అని అడిగితే, చోడి అంబలి అంది. గుడ్లేవీ అంటే అత్తగారు, "మా కోళ్ళన్నీ రిసార్టుకెళ్ళి ఉద్యోగం చేస్తున్నాయి" అంది. అందరం నవ్వాం. బాలింత మాత్రం నవ్వలేదు.

చలిమంటలు వేసుకోవడానికి కట్టెలు కొంటారు కాబట్టి దగ్గర్లో కట్టె మిగలదు. ఇంటి పొయ్యికి ఇంకొంచెం పైకెక్కి తేవాలి. ఇంట్లో సరుకు తగ్గితే మొదట తగ్గేది ఎవరి కంచంలోనో ఇక్కడున్న ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఇక అద్దెలు. మా ఇంటాయన నవంబరులో వచ్చి చాలా మర్యాదగా, "రెండు నెలలు గది ఖాళీ చెయ్యండమ్మా, ఫిబ్రవరిలో మళ్ళీ మీకే ఇస్తాను" అన్నాడు. నెలంతా నేనిచ్చేది ఆయనకి నాలుగు శనివారాల్లో వస్తుంది మరి. నేను గొడవ పెట్టుకుని నిలబడ్డాను, కాకపోతే అద్దె పెంచాడు. ఫిబ్రవరిలో తగ్గిస్తాడనే ఆశ నాకు లేదు. టమాటా దిగుతుంది గాని అద్దె దిగగా చూడలేదు. అన్నట్టు, 1970 నాటి 1/70 ప్రకారం ఈ నేల గిరిజనేతరుల చేతికి కౌలుగా కూడా పోకూడదు. మరి కొన్ని గెస్ట్‌హౌసుల్లో బోర్డు ఒకరిది, పెత్తనం ఇంకొకరిది ఎలా అయిందో అడగవలసిందే. అది ఇంకో రోజు మాట్లాడుకుందాం.

లాడ్జీల్లో దుప్పట్లు ఉతికే అక్కలకి సీజన్లో పని రెండింతలవుతుంది, జీతం నెలకింత అని ముందే మాట్లాడుకున్నది. గది అద్దె రోజుకో రకంగా మారినప్పుడు ఉతికే చేతుల రేటు ఎందుకు మారదు?

ధరల మీద ఆడవాళ్ళు కదలడం కొత్త కాదు. 1972లో బొంబాయిలో మృణాల్ గోరే, అహల్యా రంగ్నేకర్ లాంటివాళ్ళ నాయకత్వంలో గృహిణులు కంచాలు, అప్పడాల కర్రలు పట్టుకుని వీధుల్లోకి వచ్చారు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డప్పుడు వాళ్ళు చెప్పిందీ ఇంటి ఖర్చు లెక్కే: కూలి డబ్బులు ఇంటికి రాకుండా ఎటు పోతున్నాయని.

మన దగ్గర కర్రకంటే ముందు ఒక కాగితం ఉంది. 1996 పెసా చట్టం. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో సంతల నిర్వహణ అధికారం పంచాయతీకి, గ్రామసభకు ఉండాలని అందులో స్పష్టంగా రాసి ఉంది. మన రాష్ట్రంలో దాని నియమాలు 2011లో వచ్చాయి. టమాటా రేటు గ్రామసభ నిర్ణయించలేదు, నేనా అబద్ధం చెప్పను. కానీ సంతలో చెట్టు నీడ ఉన్న చోటు ఎవరికి, బయటి షావుకారు ఎక్కడ కూర్చోవాలి, ఆశీలు ఎవరు వసూలు చేస్తున్నారు, ఆ డబ్బుతో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి ఎందుకు కట్టలేదు, ఇవన్నీ అడగవచ్చు. సంతకి రాకముందే దారిలో బుట్ట దించి కుప్పల లెక్కన కొనేసేవాళ్ళ సంగతి కూడా. కుప్పల్లో మనదగ్గర కొని కాటా మీద పర్యాటకుడికి అమ్ముతారు. కాటాకి తూనికల శాఖ ముద్ర ఉండాలి, 2009 చట్టం అదే చెబుతోంది. ప్యాకెట్ మీద అచ్చువేసిన ధర కన్నా పైసా ఎక్కువ తీసుకోవడం తప్పు, సీజన్ అయినా సరే. నేను ఆ 4 రూపాయలు ఇచ్చి వచ్చేశాను. చట్టం తెలిసిన నేనే ఇచ్చేశాను. వరసలో వెనక ఇంకా పదిమంది ఉన్నారు, నాకు సిగ్గేసింది. ఒక్కర్తినే అయ్యేసరికి అంతే.

అందుకే ఒక పని చేద్దాం. ఈ వారం నుంచే ప్రతి సంఘం బియ్యం, నూనె, పప్పు, గుడ్డు, టమాటా, ఆటో, కొట్లోనూ జీసీసీ డిపోలోనూ ఎంతెంతో ఒక నోటుబుక్కులో రాయండి. డిపోలో సరుకు లేకపోతే లేదని రాయండి. మళ్ళీ ఒలిసె పూసే ముందే ఆ పుస్తకాలు గ్రామసభలో పెడదాం. తీర్మానం రాసేదాకా సంతకాలు పెట్టి లేవొద్దు.

బయట ఆటో అతను రెండోసారి హారన్ కొట్టాడు. ఇవాళ ఆదివారం, బేరం వచ్చిందంటే మనల్ని వదిలేసి పోతాడు. మీ ప్రశ్నలు దారిలో మాట్లాడుకుందాం, లేవండి.